బీఎంఐ పట్టికకి ‘ఫిట్‌నెస్’ అని పేరు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్యం పేజీల్లో బీఎంఐ (బాడీ మాస్ ఇండెక్స్) పట్టిక వేసి, పైన ‘మీరు ఫిట్‌గా ఉన్నారా?’ అని శీర్షిక పెట్టడం పత్రికలకు అలవాటైపోయింది. పట్టికలో తప్పు లేదు, తప్పంతా శీర్షికలోనే ఉంది. ఎత్తుకి తగ్గ బరువు ఉందా లేదా అన్నదొక్కటే ఆ పట్టిక చెప్పగలదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవగలరా, బరువైన సంచీ మోసుకుని నడవగలరా అన్న సంగతులు దానికి తెలిసే మార్గమే లేదు. ఈ రెండు ప్రశ్నలూ కలగాపులగం కావడం వల్ల కొందరు అనవసరంగా కుంగిపోతున్నారు. అంతకంటే ఎక్కువమంది తమకేమీ కాదని ధీమాగా ఉండిపోతున్నారు. ఈ రెండో రకం నష్టమే పెద్దదని మా అభిప్రాయం. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాం.

ముందు లెక్క సంగతి. కిలోల్లో ఉన్న బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించాలి. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు అనుకుందాం. 70ని 1.7తో భాగిస్తే 41.18, దాన్ని మళ్లీ 1.7తో భాగిస్తే 24.2. అంతే. ఇందులో వయసు లేదు, ఆడా మగా తేడా లేదు, కండ ఎంతో కొవ్వు ఎంతో లేదు, నడుము ఊసు అసలే లేదు. లెక్కలోకి వెళ్లినవి రెండే అంకెలు. రెండు అంకెలు లోపలికి వెళ్తే బయటికి ఇరవై విషయాలు రావు కదా.

ఈ సూత్రం పుట్టుక తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. 1830లలో బెల్జియంకి చెందిన అడాల్ఫ్ కెట్లే అనే గణిత, ఖగోళ శాస్త్రవేత్త ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో అంకెల్లో పట్టుకోవాలని చూశాడు. పెద్దవాళ్లలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతోందని గమనించాడు. ఆయన వైద్యుడు కాదు, స్థూలకాయం ఆయన విషయమూ కాదు. దానికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు. అప్పటిదాకా బీమా కంపెనీల ఎత్తు-బరువు పట్టికలదే రాజ్యం. కీస్ బృందం ఐదు దేశాలకు చెందిన ఏడు వేల పైచిలుకు మగవాళ్ల కొలతలు తీసుకుని, వాడుకలో ఉన్న సూత్రాల్లో ఏది నయమో పోల్చి చూసింది. ఉన్నవాటిలో ఇది మెరుగని తేల్చింది. ఒక జనసమూహాన్ని మరో జనసమూహంతో పోల్చడానికి చవకైన, సులువైన కొలత ఇది. ఆ పనికి ఇప్పటికీ బాగానే పనికొస్తుంది. ఒక దేశంలో ఇరవై ఏళ్లలో జనం లావెక్కుతున్నారా అని చూడాలంటే లక్షల మందికి స్కానింగులు తీయలేం. కాటా, ఎత్తుకర్ర ఉంటే చాలు.

సూత్రంలోనే ఒక చిన్న ఒంపు ఉంది. మనిషి శరీరం పొడవు, వెడల్పు, మందం మూడు దిక్కులా ఉంటుంది. సూత్రం మాత్రం ఎత్తుని రెండుసార్లే లెక్కలోకి తీసుకుంటుంది. దాంతో పొడుగువాళ్లకి అంకె కాస్త ఎక్కువగానూ, పొట్టివాళ్లకి కాస్త తక్కువగానూ వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ గణిత శాస్త్రజ్ఞుడు నిక్ ట్రెఫెథెన్ 2013లో ఎత్తు ఘాతాన్ని రెండుకి బదులు రెండున్నర చేసి, మొత్తాన్ని 1.3తో హెచ్చించాలని ప్రతిపాదించాడు. ఆ లెక్కన 150 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువు ఉన్నవాళ్లకి 22.2 కాస్తా 23.6 అవుతుంది. 185 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉన్నవాళ్లకి 23.4 కాస్తా 22.3కి దిగుతుంది. ఎవరి అంకె ఎక్కువన్నదే తారుమారైపోయింది చూడండి. వైద్యంలో ఈ కొత్త సూత్రం వాడుకలోకి రాలేదు, రావాలని మేమూ అనడం లేదు. పాయింటు తర్వాతి అంకె పట్టుకుని ‘నాది 24.9, అధిక బరువు గీత 25 కిందే ఉన్నాను, గట్టెక్కాను’ అని సంబరపడడానికి ఆధారం ఎంత పలచనో చూపడానికే చెప్పాం.

పైగా కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు తక్కువేమీ కావు. చాలామంది తమ ఎత్తు ఎప్పుడో విన్నది చెప్పేస్తారు, అది తరచూ కాస్త ఎక్కువే ఉంటుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువుంటే బీఎంఐ సరిగ్గా 25. అదే మనిషి ఎత్తు 163 అని చెప్తే 24.1. ఒక గ్రాము తగ్గకుండానే గడి మారిపోయింది! ఎత్తు కొలవాలంటే చెప్పులు విప్పి, మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించి, చూపు తిన్నగా ముందుకి పెట్టాలి. గడ్డం పైకెత్తకూడదు. తల మీద పెట్టే పలక గోడకి లంబంగా ఉండాలి. చాలా ఇళ్లలో పెన్సిలుతో గీత గీస్తారు, పెన్సిలు కాస్త పైకి వాలితే సెంటీమీటరు కలిసొస్తుంది. బరువు పొద్దున్నే, మూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, పలచటి బట్టలతో చూసుకోవాలి. కాటా గట్టి నేల మీద ఉండాలి. తివాచీ మీదో, కదిలే పలక మీదో పెడితే తప్పు చూపిస్తుంది. రోజులో బరువు కిలో, కిలోన్నర అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి పొద్దుటి అంకెని సాయంత్రపు అంకెతో పోల్చకూడదు.

ఇక హద్దు గీతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతల ప్రకారం 18.5 కంటే తక్కువైతే బరువు చాలనట్టు, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. ఈ గీతలు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల సమాచారం మీద ఆధారపడి గీసినవి. ఆసియావాసుల్లో ఇంకా తక్కువ అంకె దగ్గరే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు మొదలవుతోందని గుర్తించి, అదే సంస్థ నిపుణుల బృందం 2004లో 23, 27.5 దగ్గర అదనపు గుర్తులు పెట్టింది. భారతీయులకి 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని 2009లో మన వైద్య నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. ఇప్పుడు చూడండి: 24.5 ఉన్న మనిషి ఒక పట్టికలో భేషుగ్గా ఉన్నట్టు, ఇంకో పట్టికలో అధిక బరువు ఉన్నట్టు. ఏ పట్టికో చెప్పకుండా అచ్చువేస్తే పాఠకుడు దేన్ని నమ్మాలి? ఇంటర్నెట్‌లో దొరికే చాలా కాలిక్యులేటర్లు మొదటి పట్టికనే వాడతాయి, ఆ మాట మాత్రం చెప్పవు.

అమెరికాలో 1998లో అధిక బరువు గీతని మగవాళ్లకి 27.8 నుంచి, ఆడవాళ్లకి 27.3 నుంచి 25కి దించారు. ముందురోజు రాత్రి మామూలు బరువుతో పడుకున్న కోట్లమంది తెల్లారేసరికి అధిక బరువు జాబితాలోకి చేరారు. వాళ్ల గుండె, వాళ్ల కాళ్లు, వాళ్ల ఊపిరి ముందురోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. గీత జరపడానికి వైద్యపరంగా కారణాలు ఉండొచ్చు, ఉన్నాయి కూడా. కానీ జనాభాలో ముప్పు ఎక్కడ మొదలవుతుందో చూసి గీసిన గీత ఒక్కొక్క మనిషి సత్తువ మీద ఇచ్చే తీర్పు ఎలా అవుతుంది?

అసలు విషయానికొద్దాం. ఒకే బీఎంఐ వెనక ఎంత వేరు వేరు శరీరాలు ఉండొచ్చో చూపడానికి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫోటోని మించింది లేదు. పుణె మధుమేహ వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. తేడా అణుమాత్రం లేదు. లోపలి కొవ్వు కొలిస్తే యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్నిక్ శరీరంలో 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తే మనిషి. కాటాకి గాని, ఎత్తుకర్రకి గాని ఈ తేడా కనపడదు. దక్షిణాసియా ప్రజల్లో ఈ ‘పైకి సన్నం, లోపల కొవ్వు’ తరహా శరీరం ఎక్కువ. చేతులూ కాళ్లూ పీలగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. చర్మం కింద పేరుకునే కొవ్వు కంటే పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ప్రమాదకరం. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకుండా అడ్డుపడేది ముఖ్యంగా అదే. బీఎంఐ 22 ఉన్నవాళ్లకి ఫ్యాటీ లివర్ ఉందని స్కానింగులో తేలితే ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. ‘ఎంత సన్నగా ఉంటాడు!’ అంటారు. సన్నగా కనపడడమే అక్కడ మోసం.

ఇది ఏ ఇద్దరు ముగ్గురికో పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో 13,601 మంది కొలతలతో 2008లో వెలువడిన ఒక విశ్లేషణ చూడండి. శరీరంలో కొవ్వు నిజంగా ఎక్కువున్న మగవాళ్లలో బీఎంఐ 30 గీత పట్టుకున్నది 36 శాతాన్నే, ఆడవాళ్లలో 49 శాతాన్నే. సగానికి పైగా జల్లెడలోంచి జారిపోయారన్నమాట. అదే సమయంలో 30 దాటినవాళ్లుగా తేలినవాళ్లలో దాదాపు అందరికీ కొవ్వు నిజంగానే ఎక్కువుంది. ఈ రెండో వాక్యాన్ని కూడా గట్టిగానే చెప్పాలి. ఎందుకంటే బీఎంఐ మీద విమర్శ రాగానే ‘నాది కండ బరువు’, ‘మా వంశంలో ఎముకలే బరువు’ అని తప్పించుకునేవాళ్లు తయారవుతారు. బరువులెత్తేవాళ్లు, కుస్తీ పట్టేవాళ్లు, పొట్టి పరుగుల క్రీడాకారుల్లో కొందరు కండ వల్లే 27, 28 దాటతారు, అది నిజం. అలాంటివాళ్లు ఎంతమంది? ఏళ్ల తరబడి వారానికి నాలుగైదు రోజులు భారీ బరువులతో సాధన చేస్తే తప్ప అంత కండ రాదు. ఎముకల సాకు అయితే అసలే నిలవదు, పెద్దవాళ్ల ఒంట్లో ఎండు ఎముకల బరువు మూడు నాలుగు కిలోలకి అటూ ఇటూగానే ఉంటుంది. కండబరువా కొవ్వుబరువా అన్న అనుమానం ఉంటే తేల్చడానికి రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది: నడుము కొలవడం.

ఈ నడుము కొలత గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పదిమందిలో తొమ్మిదిమంది దీన్ని తప్పుగానే కొలుస్తారు. ప్యాంటు సైజు నడుము కొలత కాదు. పొట్ట పెరిగినకొద్దీ ప్యాంటు కిందికి జారి, పొట్ట కింద తుంటి మీద కూర్చుంటుంది. అందుకే పొట్ట రెండంగుళాలు పెరిగినా పదేళ్లుగా ‘నాది 34 సైజే’ అని చెప్పుకునేవాళ్లు ఉంటారు. టేపు పెట్టాల్సిన చోటు వేరు. నిటారుగా నిలబడి, పక్కవైపు, చంక మధ్య నుంచి కిందికి వేలితో తడుముతూ రండి. చివరి పక్కటెముక అంచు తగులుతుంది. అక్కడ పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. ఇంకా కిందికి వస్తే తుంటి ఎముక పై అంచు గట్టిగా తగులుతుంది. అక్కడ ఇంకో చుక్క. ఈ రెండు చుక్కలకీ సరిగ్గా మధ్యలో టేపు నడవాలి. చాలామందికి అది బొడ్డుకి దగ్గరగా వస్తుంది, అలాగని బొడ్డునే గుర్తుగా పెట్టుకోకూడదు. పొట్ట జారినవాళ్లలో బొడ్డు కూడా కిందికి దిగుతుంది.

టేపు సాగనిదై ఉండాలి. పాతబడ్డ బట్ట టేపులు సాగి ఉంటాయి, ఒకసారి స్కేలు పక్కన పెట్టి చూసుకోండి. చొక్కా మీద నుంచి కాకుండా ఒంటి మీదే పెట్టాలి. పాదాలు దగ్గరగా, చేతులు పక్కలకి వదులుగా ఉంచాలి. వీపు వైపు టేపు కిందికి జారుతుంది కాబట్టి అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంకొకరి చేత సరిచేయించుకోవాలి. టేపు చర్మానికి ఆనాలి, చర్మంలోకి దిగకూడదు. మామూలుగా ఊపిరి వదిలి, ఆ వదిలిన చివర అంకె చూడాలి. పొట్ట లోపలికి బిగపడితే మూడు నాలుగు సెంటీమీటర్లు మాయమవుతాయి, అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. రెండుసార్లు కొలవండి. రెండింటికీ తేడా సెంటీమీటరు లోపుంటే సగటు తీసుకోండి, దాటితే మళ్లీ మొదట్నుంచి కొలవండి.

వచ్చిన అంకె ఎత్తులో సగం దాటకూడదు. 170 ఎత్తుకి 85, 160 ఎత్తుకి 80. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఈ ‘సగం’ సూత్రాన్నే సిఫారసు చేసింది. సగం నుంచి పదింట ఆరు వంతుల దాకా అయితే ముప్పు పెరిగినట్టు, ఆరు వంతులు కూడా దాటితే ముప్పు బాగా ఎక్కువ. ఆసియావాసులకి మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు అనే గీత కూడా వాడుకలో ఉంది. అయితే 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి 80 అంటే సగం దాటేసినట్టే. ఎత్తుతో పోల్చే పద్ధతి అందుకే మాకు నచ్చుతుంది. గర్భిణులకి, పొట్టలో నీరు చేరినవాళ్లకి, పెద్ద హెర్నియా ఉన్నవాళ్లకి ఈ కొలత వర్తించదు.

టేపు కూడా ఫిట్‌నెస్ చెప్పదు, ఈ మాట మర్చిపోకూడదు. కొవ్వు ఎక్కడ చేరిందో మాత్రం బీఎంఐ కంటే బాగా చెప్తుంది. ఫిట్‌నెస్ అంటే శరీరం చేయగలిగిన పని. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి నిమిషానికి ఎంత ప్రాణవాయువుని వాడుకోగలవు, కండలు ఎంత బలాన్ని చూపగలవు అన్నవి అందులో ముఖ్యమైనవి. మొదటిదాన్ని ప్రయోగశాలలో ముఖానికి గొట్టం తగిలించి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి కొలుస్తారు. బయట కొలవడానికి అమెరికా వైద్యుడు కెనెత్ కూపర్ 1968లో ప్రచురించిన పద్ధతి ఉంది: 12 నిమిషాల్లో చదునైన నేల మీద ఎన్ని మీటర్లు వెళ్లగలరో చూసి, అందులోంచి 504.9 తీసేసి, 44.73తో భాగించడం. 2,400 మీటర్లు వెళ్లినవాళ్లకి కిలో బరువుకి నిమిషానికి 42 మిల్లీలీటర్ల ప్రాణవాయువు అని వస్తుంది, 1,600 మీటర్లు వెళ్లినవాళ్లకి 24. ఈ ఇద్దరి బీఎంఐ ఒకటే కావచ్చు. ఇద్దరి గుండెల సామర్థ్యం ఒకటి కానే కాదు. అమెరికాలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్న 1,22,007 మంది రికార్డులతో 2018లో వెలువడిన అధ్యయనంలో, సామర్థ్యం ఎంత ఎక్కువుంటే మరణాలు అంత తక్కువగా కనిపించాయి. 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేల మందితో 2015లో వెలువడిన ప్యూర్ అధ్యయనంలో పిడికిలి పట్టు ఐదు కిలోలు తగ్గితే మరణాల ముప్పు 16 శాతం పెరిగినట్టు తేలింది. పిడికిలి పట్టుకి బీఎంఐలో చోటెక్కడ?

బరువుకీ ఫిట్‌నెస్‌కీ సంబంధమే లేదనడం కూడా తప్పే. ప్రాణవాయువు లెక్కని కిలో బరువుకి ఇంత అని చెప్తారు కాబట్టి అదనపు కొవ్వు ఆ అంకెని కిందికి లాగుతుంది. మోకాళ్లు మోసేదీ ఆ బరువునే. రెండూ వేరు వేరు కొలతలు, ఒకటి కొలిచి రెండోది తెలిసిపోయిందనుకోవద్దనే మేం అనేది.

కూపర్ పరీక్ష అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా మొదలుపెట్టేది కాదు. ఇంట్లో చేసుకోగలిగినది కుర్చీ పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీ కావాలి. కూర్చునే పలక నేల నుంచి 43 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మంచిది. వెనక్కి జరగకుండా గోడకి ఆనించండి. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, పూర్తిగా లేచి నిలబడి, పూర్తిగా కూర్చోవాలి. ఇలా ఐదుసార్లు, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ సత్తువ తగ్గిందనడానికి అది గుర్తని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో తేల్చింది. పిడికిలి పట్టు కొలిచే పరికరం దొరికితే మగవాళ్లకి 28 కిలోలు, ఆడవాళ్లకి 18 కిలోల కంటే తగ్గకూడదని కూడా ఆ బృందమే చెప్పింది. ఈ గీతలు ముఖ్యంగా పెద్ద వయసువాళ్ల కోసం పెట్టినవి. పాతికేళ్లవాళ్లు 11 సెకన్లలో ముగించి గెలిచామనుకోకూడదు. మెత్తటి సోఫాలోనో, పొట్టి స్టూలు మీదో చేస్తే లెక్క తప్పుతుంది. మోకాళ్లు పూర్తిగా చాపకుండా సగం లేచి కూర్చున్నా అంతే.

గుండె సంగతి తెలుసుకోవాలంటే మెట్టు పరీక్ష ఉంది. 30 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి మెట్టు తీసుకోండి. కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడి కిందికి, ఎడమ కిందికి. నాలుగూ కలిపి ఒకటి. నిమిషానికి అలాంటివి 24. ఫోన్‌లో లయ తప్పకుండా చప్పుడు చేసే మెట్రోనోమ్‌ని 96కి పెట్టుకుంటే ఒక్కో చప్పుడుకి ఒక్కో అడుగు సరిపోతుంది. మూడు నిమిషాలు అయ్యాక వెంటనే కూర్చుని, ఐదు సెకన్లు దాటకుండా నాడి పట్టుకుని, పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. ఆగాక మొదటి అరనిమిషంలోనే నాడి గబగబా దిగుతుంది కాబట్టి, నాడి వెతుక్కుంటూ ఇరవై సెకన్లు పోగొడితే లేని ఫిట్‌నెస్ ఉన్నట్టు కనపడుతుంది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తేడా వస్తుంది. రెయిలింగ్ పట్టుకుంటే పరీక్ష చెల్లదు. ఆ అంకెని రాసిపెట్టుకుని, ఎనిమిది వారాల తర్వాత అదే మెట్టు మీద, అదే వేళకి మళ్లీ చూసుకోండి. పక్కింటివాళ్ల అంకెతో పోలిక కంటే మీ పాత అంకెతో పోలికే ఎక్కువ చెప్తుంది. రక్తపోటుకి బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకి నాడి మందు వల్లే తక్కువుంటుంది, వాళ్లకి ఈ అంకె పనికిరాదు. గుండె జబ్బున్నవాళ్లు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు డాక్టరుని అడగకుండా ఈ పరీక్ష చేయకూడదు.

వ్యాయామం మొదలుపెట్టినవాళ్లని బీఎంఐ చేసే నిరుత్సాహం అంతా ఇంతా కాదు. మూడు నెలలు బరువులతో సాధన చేసి, మూడు కిలోల కొవ్వు పోయి రెండు కిలోల కండ వచ్చిందనుకుందాం. కాటా మీద తగ్గింది ఒక్క కిలో. 170 ఎత్తుకి బీఎంఐ మారింది 0.35. ‘ఇంత చేసినా ఏమీ మారలేదు’ అని మానేసేవాళ్లు ఎందరో. నిజానికి నడుము తగ్గి ఉంటుంది, కుర్చీ పరీక్షలో రెండు మూడు సెకన్లు కలిసొచ్చి ఉంటాయి, మెట్టు పరీక్షలో నాడి దిగి ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురుది పస్తుల పద్ధతి. తిండి ఒక్కసారిగా కోసేస్తే మొదటి వారంలో కాటా రెండు మూడు కిలోలు తగ్గినట్టు చూపిస్తుంది. అందులో చాలా భాగం నీరే. కండలో నిలవుండే గ్లైకోజెన్ అనే పిండి పదార్థం ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చు కాగానే ఆ నీరూ పోతుంది. తర్వాత కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. బీఎంఐ ముచ్చటగా తగ్గుతుంది, మనిషి మాత్రం బలహీనపడతాడు. బరువు తగ్గాలనుకునేవాళ్లు వారానికి కనీసం రెండుసార్లు కండలకి పని చెప్పే వ్యాయామం ఎందుకు చేయాలో ఇక్కడే తెలుస్తుంది.

కాళ్లు ఆనించి నిలబడితే కొవ్వు శాతం చూపే కాటాల మీద కూడా అతి నమ్మకం వద్దు. అవి పాదాల ద్వారా సన్నటి విద్యుత్తు పంపి, ఎదురయ్యే నిరోధాన్ని కొలుస్తాయి. మీరిచ్చిన ఎత్తు, వయసు, లింగం కలిపి ఒక సమీకరణంతో అంచనా కడతాయి. కరెంటు ఒక కాలు నుంచి ఇంకో కాలుకే పోతుంది కాబట్టి పొట్ట సంగతి దానికి అంతగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గినా, పెరిగినా అంకె మారుతుంది.

వృద్ధుల విషయంలో బీఎంఐ రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది. వయసుతోపాటు వెన్నెముక కుంగి ఎత్తు తగ్గుతుంది. 165 ఎత్తు, 60 కిలోల బరువుంటే 22. ఎత్తు 160కి దిగితే, బరువు మారకపోయినా 23.4. ఇంకోపక్క, కండ కరిగి దాని స్థానంలో కొవ్వు చేరుతుంటే కాటా ఏళ్ల తరబడి ఒకటే అంకె చూపిస్తుంది. ‘మా నాన్నగారి బరువు ముప్పై ఏళ్లుగా మారలేదు’ అని పిల్లలు గర్వంగా చెప్పుకుంటారు. కుర్చీలోంచి లేవడానికి ఆయన చేతులు ఊతం పెట్టుకోవడం మొదలైందా అన్నది చూడాలి. పిక్క చుట్టుకొలత మగవాళ్లకి 34, ఆడవాళ్లకి 33 సెంటీమీటర్ల కంటే తగ్గితే కండ తరిగిందేమో పరీక్ష చేయించాలి.

పిల్లలకి పెద్దవాళ్ల గీతలు అసలు వాడకూడదు. పదేళ్ల పిల్లకి బీఎంఐ 17 అంటే ఆ వయసుకి మామూలే. పెద్దవాళ్ల పట్టికలో చూస్తే బరువు చాలదని వస్తుంది, ఇంట్లో అందరూ కంగారుపడి కుక్కి కుక్కి తినిపిస్తారు. పిల్లలకి వయసునీ, ఆడా మగా తేడానీ బట్టి గీసిన ఎదుగుదల పట్టికలు వేరుగా ఉన్నాయి.

వైద్యులు కూడా ఈ దిశలోనే కదులుతున్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2023 జూన్‌లో, బీఎంఐని ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇతర కొలతలతో కలిపి వాడాలని తీర్మానించింది. 2025 జనవరిలో లాన్సెట్ నిపుణుల కమిషన్, స్థూలకాయాన్ని నిర్ధారించడానికి బీఎంఐతోపాటు నడుము కొలతో, కొవ్వుని నేరుగా కొలిచే పరీక్షో ఉండాలనీ, అవయవాల పనితీరు దెబ్బతిన్నదా అన్నది విడిగా చూడాలనీ చెప్పింది. బీఎంఐ 40 దాటినవాళ్లకి మాత్రం వేరే కొలత అవసరం లేదంది, అది సబబే. బీఎంఐని చెత్తబుట్టలో వేయమని ఎవరూ అనలేదు, మేమూ అనడం లేదు. 18.5 కంటే దిగువన ఉన్నవాళ్లని గుర్తించడానికి, ఒకే మనిషిలో ఏళ్ల మీద వచ్చే మార్పు చూడడానికి అది బాగా ఉపయోగపడుతుంది. ఉద్యోగానికి పనికొస్తాడో లేదో ఈ ఒక్క అంకెతో తేల్చే సంస్థలు, మోకాలి నొప్పని వెళ్తే అంకె చూసి ‘ముందు బరువు తగ్గండి’ అని మోకాలు ముట్టుకోకుండా పంపేసే డాక్టర్లు, అంకె 22 ఉంది కదా అని చక్కెర పరీక్ష రాయని డాక్టర్లు మాత్రం పద్ధతి మార్చుకోవాలి.

మీ పత్రికకి మా విన్నపం చిన్నదే. ఇకమీదట ఈ పట్టిక వేసినప్పుడు ‘ఫిట్‌నెస్’ అన్న మాట తీసేసి ‘ఎత్తుకి తగ్గ బరువు’ అని పెట్టండి. 18 ఏళ్లు దాటినవాళ్లకి మాత్రమే అని, గర్భిణులకి వర్తించదని పక్కనే రాయండి. 23, 25 గీతలు వాడారో, 25, 30 గీతలు వాడారో స్పష్టంగా చెప్పండి. కింద ఇంకో రెండు గడులు చేర్చండి: ఒకటి నడుము ఎత్తులో సగం లోపుందా అన్నది, రెండోది ఐదుసార్లు కుర్చీలోంచి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందన్నది. బొమ్మ వేయించేటట్టయితే టేపు ప్యాంటు బెల్టు మీద కాకుండా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో ఉండేలా గీయమని చిత్రకారుడికి ప్రత్యేకంగా చెప్పండి.

ఇట్లు,
వ్యాయామ శిక్షణ, పోషణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు